దూది దుమ్ము – మెదడు పుట్టించు జ్వరము

కోయంబత్తూరు వైపు నూలు మిల్లులో చేరిన మన కుర్రవాడొకడు వారము తిరుగకుండ ఇంటికి వచ్చెను. మొదటి సాయంత్రమే చలి, ఒళ్లు నొప్పులు, జ్వరము. తెల్లవారుసరికి ఏమియు లేదట. మేమును వానిని పనిదొంగ అంటిమి. పొరపాటు మాదే.

పత్తి దుమ్ములో ఆకుపొడి, తొక్కల తునకలు, వానిపై పెరిగిన సూక్ష్మజీవులు ఉండును. అవి చచ్చినను కొన్నింటి పైపొరలోని విషము పోదు. అది ఊపిరితో లోనికి పోగానే అచటి రక్షక కణములు రక్తములోనికి కొన్ని రసాయనములను వదలును. మెదడు అడుగున శరీరపు వేడిని అదుపుచేయు కేంద్రము కలదు. ఆ కబురందగానే అది తన కొలతను పైకి జరుపును. ఉన్న వేడి చాలదని మెదడే వణికించును, ఆకలి చంపును, పడుకొమ్మనును. బద్ధకమని మనమనుకొన్నది ఇదే!

రోజూ పీల్చిన అలవాటుపడి జ్వరము రాదు. సెలవు గడిపి వెళ్లిన మరల రావచ్చును. మగ్గము వద్ద ఇంత దుమ్ము లేదు గాని, పాత పరుపుల దూది ఏకువారు జాగ్రత్త. మరకలుపడిన నాసి పత్తితో పరుపులు చేసిన పల్లెవారి జబ్బును గూర్చి 1942లోనే అమెరికా వైద్యులు వ్రాసిరి.

ఏండ్ల తరబడి పీల్చినవారికి సెలవు మరునాడు రొమ్ము పట్టుట వేరు జబ్బు. అది ముదిరిన తిరుగదు. వృత్తిరోగముల చట్టపట్టికలోను చేరినది. వైద్యునికి జ్వరముతో పాటు, సెలవు ఏనాడు ముగిసెనో కూడ చెప్పవలెను.