మరపు మొండితనం కాదు

నిన్న తడబడకుండా అప్పజెప్పిన పాఠం నేడు పిల్లవాని నోట రాకపోతే మనకు కోపం వస్తుంది. శ్రద్ధ లేదంటాం, మొండివాడంటాం. ఆ మాట అనే ముందు, నేర్చినది మెదడులో ఎలా నిలుస్తుందో తెలుసుకోవడం పెద్దలుగా మన బాధ్యత.

మానవ మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. ఒక కణం మరో కణానికి కబురందించే చోటును సినాప్స్ అంటారు. అక్కడ రెండింటి నడుమ అతి సన్నని ఎడం ఉంటుంది. ఇవతలి కణం గ్లూటమేట్ అనే రసాయనాన్ని విడుదల చేస్తే, అవతలి కణం పొరపై ఉన్న గ్రాహకాలు దానిని అందుకుంటాయి. ఈ పని ప్రధానంగా ఆంపా గ్రాహకాలది. వాటి సరసనే ఎన్‌ఎండీఏ గ్రాహకాలుంటాయి. వీటి ద్వారాన్ని మామూలు వేళల్లో మెగ్నీషియం మూసి ఉంచుతుంది. కబురు బలంగా, వెంటవెంటనే వచ్చినప్పుడు ఆ అడ్డు తొలగి, కాల్షియం లోనికి ప్రవేశిస్తుంది. అప్పుడు కణం మరిన్ని ఆంపా గ్రాహకాలను అక్కడికి చేరుస్తుంది. ఆపై అదే కబురు మునుపటికంటే బలంగా అందుతుంది. కబురు చాలాసేపు మందకొడిగా సాగితే మాత్రం కొన్ని గ్రాహకాలను కణం వెనక్కు తీసుకుంటుంది.

సినాప్స్ ఇలా బలపడగలదని తిమోతీ బ్లిస్, టెర్యె లోమో 1973లో వెల్లడించారు. ఓస్లోలో కుందేళ్ల మెదడుకు వారు కొద్ది సెకన్లపాటు విద్యుత్ ప్రేరణ ఇవ్వగా, దాని ప్రభావం గంటల తరబడి నిలిచింది. 1986లో రిచర్డ్ మోరిస్ బృందం ఎలుకల మెదడులో ఎన్‌ఎండీఏ గ్రాహకాలను మందుతో అడ్డుకుంది. నీటితొట్టిలో కనబడకుండా అమర్చిన మెట్టు ఎక్కడుందో ఆ ఎలుకలు సరిగా నేర్చుకోలేకపోయాయి. చూపు, ఈత ఉన్నా, నేర్చుకునే ద్వారం మూతపడింది.

కాబట్టి నేర్చుకోవడమంటే సంచిలో సరుకు నింపడం కాదు. మెదడు తన నిర్మాణాన్నే సవరించుకోవడం. అందుకు సమయం కావాలి, నిద్ర కావాలి. పాఠాన్ని ఒకే రాత్రి పదిసార్లు చదివించడంకంటే, కొన్ని రోజుల వ్యవధిలో మళ్లీ మళ్లీ అడగడం మేలు. మరచిన బిడ్డకు బెత్తం చూపితే పాఠం గుర్తుకు రాదు, భయం మాత్రం గుర్తుండిపోతుంది. పక్కన కూర్చుని మరొక్కసారి చెప్పించుదాం.