టెర్మినల్ ఎందుకు తెరచుకొనదు?

కంప్యూటరులో ఒక ప్రోగ్రాము పనిచేయకున్నచో ఆ ప్రోగ్రామే చెడిపోయినదని సామాన్యముగా తలంతురు. దానిని తీసివేసి తిరిగి ఎక్కింతురు. అప్పటికిని పనిచేయకున్నచో డిస్కునందలి సమస్తమును తుడిచివేసి, ఆపరేటింగ్ సిస్టమును మొదటినుండి వేయుదురు. ఈ ప్రయత్నములో విద్యార్థులు సంవత్సరము పొడుగునా వ్రాసి దాచుకొనిన ప్రోగ్రాములు, పాఠములు ఒక్క గంటలో పోవచ్చును. అసలు లోపము ప్రోగ్రాములో గాక, దానికి అందిన ఒక చిన్న పట్టీలో ఉండి యుండవచ్చును. ఆ లోపము ఒక్క పంక్తిని దిద్దినంత మాత్రమున పోవునట్టిదే కావచ్చును.

ఒక ఉదాహరణము

విశాఖపట్నమునుండి అరకులోయకు పోవు దారిలో, విజయనగరం జిల్లాయందు శృంగవరపుకోట ఉన్నది. అక్కడి ఒక ఉన్నత పాఠశాలలో లినక్స్ ఎక్కించిన కంప్యూటర్లు కలవనుకొనుడు. పని అంతయు తెలుగులో జరుగవలెనను కోరికతో ఉపాధ్యాయుడొకరు ఒక యంత్రములో ‘.ప్రొఫైల్’ అను ఫైలు తెరచి, భాషను తెలుగునకు మార్చు పంక్తి నొకదానిని చేర్చిరి. యంత్రమును ఆపి మరల నడిపిరి. తెర వచ్చినది, మౌసు కదలుచున్నది, బ్రౌజరు తెరచుకొనినది. టెర్మినల్ మాత్రము తెరచుకొనలేదు. దాని బొమ్మపై ఎన్నిసార్లు నొక్కినను చక్రము కొంతసేపు తిరిగి ఆగిపోవుచున్నది. కారణమును తెలుపు వాక్యము ఒక్కటియు తెరపై కనబడదు.

పాఠశాల ఊహింపబడినదే గాని లోపము ఊహ కాదు. గ్నోమ్ టెర్మినల్ అను ప్రోగ్రాము యొక్క పెక్కు కూర్పులలో ఇది యథార్థముగా జరుగును. ఇందలి చిక్కు ఏమనగా, లినక్స్‌లో లోపములను పరీక్షించుటకు వాడు ముఖ్యసాధనము టెర్మినలే. తాళముచెవి పెట్టెలో ఉంచి పెట్టెకు తాళము వేసినట్లు, పరీక్షింపవలసిన సాధనమే అందకుండ పోయినది.

టెర్మినల్, షెల్

టెర్మినల్ అనునది తొలుత ఒక యంత్రము. మీటలును, కాగితపు చుట్టయు గల టెలిటైప్‌లను కంప్యూటరునకు తీగతో కలిపెడివారు. పిదప కాగితమునకు బదులు తెర వచ్చినది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1978లో విడుదల చేసిన వీటీ100 ఇట్టివానిలో ప్రసిద్ధమైనది. ఆ యంత్రముల పనిని అనుకరించు ప్రోగ్రామునే నేడు టెర్మినల్ ఎమ్యులేటర్ అందురు. నొక్కిన మీటలను లోనికి పంపుట, వచ్చిన అక్షరములను తెరపై చూపుట దీని పని.

లోనికి వచ్చిన ఆజ్ఞను చదివి తగిన ప్రోగ్రామును నడుపునది వేరొకటి కలదు. దాని పేరు షెల్. బ్రయన్ ఫాక్స్ వ్రాయగా 1989లో వెలువడిన బాష్ అట్టి షెల్. కావున టెర్మినల్ తెరచుకొనలేదనగా లోపము టెర్మినల్‌లో ఉండవచ్చును, షెల్‌లో ఉండవచ్చును, లేదా ఆ రెంటికిని అందిన పరిసరములో ఉండవచ్చును.

పరిసరమనగా నేమి?

యూనిక్స్, లినక్స్ వ్యవస్థలలో ఒక ప్రోగ్రామును మరియొక ప్రోగ్రాము పుట్టించును. పుట్టించినది తల్లి, పుట్టినది బిడ్డ. బిడ్డ పుట్టునపుడు తల్లి దానికి ఒక పట్టీ నిచ్చును. అందు ఒక్కొక్క పంక్తిలో ఒక పేరు, సమానపు గుర్తు, ఒక విలువ ఉండును. వీనికి పరిసర చలరాశులని పేరు. 1979లో వెలువడిన యూనిక్స్ ఏడవ కూర్పుతో ఈ పద్ధతి వచ్చినది. ఆజ్ఞలను ఏ ఫోల్డర్లలో వెదకవలెనో ‘పాత్’ అను చలరాశి చెప్పును. టెర్మినల్ ఏ రకమైనదో ‘టెర్మ్’ చెప్పును. ఏ భాష, ఏ అక్షరసంకేతము వాడవలెనో ‘లాంగ్’ చెప్పును.

ఈ పట్టీని గూర్చి రెండు విషయములు గుర్తుంచుకొనవలెను. బిడ్డకు అందునది నకలు మాత్రమే. అదియును పుట్టుకతో ఒకేసారి అందును. కొత్తవలసలో కిరండూల్ బండి ఎక్కిన ప్రయాణికుడు, అక్కడి పలకపై నున్న వేళలను తన కాగితముపై వ్రాసికొనెననుకొనుడు. బండి శృంగవరపుకోట చేరులోగా కొత్తవలసలో ఆ పలకను దిద్దినను అతని చేతిలోని కాగితము మారదు. అతడు తన కాగితమును దిద్దుకొనినను అక్కడి పలక మారదు. పరిసరము సరిగా ఇట్టిదే. నడుచుచున్న ప్రోగ్రాము పట్టీని బయటనుండి దిద్దుటకు వీలులేదు. దానిని ఆపి, దిద్దిన పట్టీతో మరల పుట్టింపవలెను.

తెలుగు కోరిన, తెలుగు పోయినది

లాంగ్ విలువలో మూడు భాగములుండును. తెలుగునకు ‘టీఈ’ అను రెండక్షరములు, భారతదేశమునకు ‘ఐఎన్’ అను రెండక్షరములు, చివర యూటీఎఫ్-8 అను సంకేతము పేరు. ఈ మూడును కలిసి ఒక లొకేల్ అగును. కాని పేరు వ్రాసినంత మాత్రమున చాలదు. ఆ లొకేల్‌కు సంబంధించిన సమాచారము యంత్రములో ముందుగా సిద్ధమై యుండవలెను. డిస్కులో చోటు కలిసివచ్చుటకు అన్ని భాషల లొకేల్‌లను సిద్ధపరుపరు. పట్టీలో తెలుగు లొకేల్ పేరు ఉండి, యంత్రములో ఆ లొకేల్ లేనిచో ప్రోగ్రాము ‘సీ’ అను మూల లొకేల్‌లోనే నిలిచిపోవును. పేరులో ఒక అక్షరము తప్పు పడినను ఫలితమిదే.

ఈ మూల లొకేల్ వాడు సంకేతము ఆస్కీ. దానికి 1968 నాటి ప్రమాణమును బట్టి ‘ఏఎన్ఎస్ఐ ఎక్స్3.4-1968’ అని పేరు. అందు 0 మొదలు 127 వరకు 128 సంకేతములు మాత్రమే కలవు. ఆంగ్లాక్షరములు, అంకెలు, విరామచిహ్నములు, కొన్ని అదుపు గుర్తులు వానితో సరిపోవును. తెలుగునకు అందు ఒక్క స్థానమును లేదు.

1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పు తెలుగునకు ప్రత్యేకముగా 128 స్థానములు కేటాయించినది. ఆ సంఖ్యలను బైట్లుగా వ్రాయుటకు 1992లో కెన్ థామ్సన్, రాబ్ పైక్ రూపొందించిన పద్ధతియే యూటీఎఫ్-8. ఇందు ఒక్కొక్క తెలుగు సంకేతమునకు 3 బైట్లు పట్టును. ‘క’ అను అక్షరము 224, 176, 149 అను మూడు బైట్లగును. మూడును 127ను మించినవే. శృంగవరపుకోట అను పేరులో అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, సున్న కలిసి 11 సంకేతములున్నవి. కావున 33 బైట్లు. ఈ 33లో ఒక్కటియు ఆస్కీ హద్దులో ఇమడదు.

గ్నోమ్ టెర్మినల్ తనకు అందిన సంకేతము యూటీఎఫ్-8 కానిచో నడుచుటకు నిరాకరించును. తెలుగు కావలెనని పంక్తి వ్రాయగా, యంత్రము తెలుగే లేని సంకేతమునకు జారెను. దానిని చూచి టెర్మినల్ తలుపు మూసికొనెను.

వెదకు క్రమము

మొదట వేరొక తలుపును తెరవవలెను. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలను ఒక్కసారిగా నొక్కినచో కిటికీలు లేని అక్షరపు తెర వచ్చును. దీనికి గ్నోమ్ టెర్మినల్‌తో పనిలేదు. పేరు, సంకేతపదము ఇచ్చి లోనికి పోవచ్చును.

రెండవది, కోరినదానిని, ఉన్నదానిని పోల్చుట. ‘లొకేల్’ అను ఆజ్ఞ ఇచ్చినచో పట్టీలో కోరిన విలువలు కనబడును. కోరిన లొకేల్ యంత్రములో లేనిచో, దానిని అమర్చుట సాధ్యము కాలేదను హెచ్చరికయు కనబడును. అదే ఆజ్ఞ తరువాత అడ్డగీతయు, చిన్న ‘ఏ’ అక్షరమును చేర్చినచో యంత్రములో సిద్ధముగా నున్నవాని జాబితా వచ్చును. మొదటిదానిలో తెలుగు ఉండి రెండవదానిలో లేకున్నచో అనుమానము బలపడును.

మూడవది, ఒకే మార్పుతో పరీక్ష. .ప్రొఫైల్‌లో చేర్చిన పంక్తిని చెరిపివేయక, దాని ముందు హాష్ గుర్తు నుంచవలెను. అప్పుడు షెల్ ఆ పంక్తిని విడిచిపెట్టును. బయటకు వచ్చి మరల లోనికి పోయినపుడు టెర్మినల్ తెరచుకొనినచో కారణము రుజువైనట్లే. ఒకేసారి నాలుగు మార్పులు చేసినచో ఏది పనిచేసినదో తెలియదు.

నాలుగవది, చికిత్స. ఉబుంటులో ‘లొకేల్-జెన్’ అను ఆజ్ఞతో తెలుగు లొకేల్‌ను సిద్ధపరుపవచ్చును. దీనికి నిర్వాహకుని అధికారము కావలెను. తరువాత హాష్ గుర్తును తీసివేసి, బయటకు వచ్చి మరల లోనికి పోవలెను. ఇచట పలువురు పొరబడుదురు. వేరొక టెర్మినల్‌లో లాంగ్ విలువను మార్చి, అక్కడినుండి గ్నోమ్ టెర్మినల్‌ను పిలిచినను ప్రయోజనముండదు. పిలిచిన ఆజ్ఞ కబురు తీసికొనిపోవు దూత మాత్రమే. కిటికీని తెరచునది వేరొక సర్వరు. దానికి పట్టీ ఆ షెల్ నుండి గాక, లోనికి ప్రవేశించినపుడు ఏర్పడిన సెషన్ నుండి అందును.

ఇతర లక్షణములు

కిటికీ తెరచుకొని వెంటనే మూసికొనినచో షెల్‌ను అనుమానింపవలెను. బాష్ ప్రారంభములో ‘.బాష్‌ఆర్‌సీ’ అను ఫైలును చదువును. దాని పేరును తాత్కాలికముగా మార్చి చూచినచో లోపము అందున్నదో లేదో తెలియును. ఒక్క పంక్తియే దోషము గలదైనపుడు, పంక్తులలో సగమును విడిచి పరీక్షించుచు పోయిన 64 పంక్తులలోనైనను 6 పరీక్షలలో అది దొరకును. కిటికీ తెరచుకొని, సాధారణమైన ఆజ్ఞలు కూడ దొరకలేదని చెప్పినచో పాత్ విలువ చెడినది. బాణపు మీటలు నొక్కినపుడు వింత గుర్తులు వచ్చినచో టెర్మ్ విలువను చూడవలెను.

తరగతిలో చేయదగిన ప్రయోగము

పరిసరము ప్రోగ్రాము ఫలితమునే మార్చునని విద్యార్థులకు చూపుట సులభము. ‘డబ్ల్యూసీ’ అను ప్రోగ్రాము అక్షరములను లెక్కించును. దాని తరువాత అడ్డగీతయు, చిన్న ‘ఎం’ అక్షరమును ఉంచవలెను. ‘ప్రింట్‌ఎఫ్’ ఆజ్ఞతో శృంగవరపుకోట అను పేరును దానికి పంపవలెను. యూటీఎఫ్-8 లొకేల్‌లో సమాధానము 11. తరువాత ‘ఎల్‌సీ ఆల్’ అను చలరాశికి ‘సీ’ అను విలువనిచ్చి, అదే పేరును అదే ప్రోగ్రామునకు పంపవలెను. ఈ చలరాశిలో పేరులోని రెండు భాగముల నడుమ క్రిందిగీత ఉండును. దీని మాట లాంగ్ మాటకంటె చెల్లును. ఇప్పుడు సమాధానము 33. ప్రోగ్రాము మారలేదు, ఊరి పేరు మారలేదు. మారినది పట్టీలోని ఒక్క పంక్తి. ఈ రెండు సంఖ్యల భేదమునకు కారణము చెప్పగల విద్యార్థి, టెర్మినల్ తెరచుకొననపుడు డిస్కును తుడిచివేయుటకు తొందరపడడు.