పళ్ళు లెక్కపెట్టి పెట్టిన పేర్లు

తెనాలిలో పెళ్ళి భోజనాల బంతి దగ్గర ఓ కుర్రాడు ఊరికే పళ్ళు బయటపెట్టుకుని నిలబడితే, పెద్దమ్మ కసురుతుంది: "ఏంట్రా ఆ ఇకిలింపు?" నవ్వు అని మాత్రం అనదు.

లేని నవ్వును తెచ్చిపెట్టుకోవడానికి తెలుగులో ఒక్క మాట చాల్లేదు. ఇకిలింపు, వెకిలినవ్వు, పొడినవ్వు, ఏడవలేక నవ్విన నవ్వు అంటూ పెద్ద కుటుంబమే ఉంది. ఈమధ్య ప్లాస్టిక్ నవ్వు కూడా వచ్చి చేరింది.

ఇకిలించడానికి అసలు అర్థం పళ్ళు కనబడేలా పెదాలు సాగదీయడం. అందులో సంతోషం ప్రసక్తే లేదు. 'పళ్ళికిలించాడు' అంటాం గానీ 'కళ్ళికిలించాడు' అనం. తమిళ, మలయాళాల్లో ఇదే పనికి 'ఇళి' అనే మాట ఉంది. కన్నడిగులు 'హల్లు కిరి' అంటారు. ఇరుగుపొరుగు భాషలన్నీ మనసు సంగతి వదిలేసి పళ్ళవైపే చూశాయన్నమాట. మనవాళ్ళు అంతటితో ఊరుకోక, గుర్రపు సకిలింపును జంట కట్టి 'ఇకిలింపులూ సకిలింపులూ' చేశారు.

వెకిలి కథ వేరు. పాత నిఘంటువుల్లో దీని రూపం 'వెకలి', అర్థం వెర్రి. దీన్ని తలపించే తమిళ మాట 'వెగుళి'కి నేటికీ కల్లాకపటం తెలియని మనిషి అనే అర్థం. మన దగ్గర వెర్రి పోయి వెటకారం మిగిలింది. ఇప్పుడు వెకిలిగా నవ్వేవాడు అమాయకుడైతే కాదు.

పళ్ళ లెక్క శాస్త్రంలోనూ ఉంది. భరతుడి నాట్యశాస్త్రం నవ్వును స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని ఆరుగా విడదీసింది. పలువరుస కనబడని స్మితం ఉత్తముల నవ్వు. కాస్త కనబడితే హసితం, అదీ ఉత్తములదే. పైకి పోయేకొద్దీ పాత్ర స్థాయి దిగిపోతుంది. 1862లో ఫ్రెంచి వైద్యుడు డ్యుషేన్ మాత్రం కళ్ళను పట్టుకున్నాడు. మనుషుల ముఖాలకు విద్యుత్తు తగిలించి చూసి, చెంప కండరం అడిగితే కదులుతుంది గానీ, కంటి చుట్టూ ఉన్నది నిజమైన ఆనందానికే కదులుతుందన్నాడు.

అడగ్గానే కళ్ళనూ నవ్వించగలవాళ్ళు నటులు. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి శ్రీరామ విలాస సభ వేదికల మీద ఆడవేషాలతో పేరు తెచ్చుకున్నారు. సత్యభామ, చిత్రాంగి, మధురవాణి ఆయన ప్రసిద్ధ పాత్రలు. సత్యభామది గీర నవ్వు, చిత్రాంగిది సవతి కొడుకు మీద మోజుపడ్డ నవ్వు. 'కన్యాశుల్కం' మధురవాణికైతే నవ్వు వృత్తిలో భాగం. మగాడు ఆడదాని నవ్వు తెచ్చిపెట్టుకోవాలి, ఆ ఆడది మళ్ళీ గిరీశం కోసం ఇంకో నవ్వు తెచ్చిపెట్టుకోవాలి! ఇన్ని పొరల కృత్రిమాన్ని జనం టిక్కెట్టు కొనుక్కుని మరీ చూశారు. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. వీధిలో తిట్టయినది రంగస్థలం మీద విద్య.

ఇక పళ్ళ లెక్కకు అందని నవ్వు ఒకటుంది, నంగనాచి నవ్వు. పెదాలు బిగించి, కళ్ళు నేలకు దించి, ఏమీ ఎరగనట్టు నవ్వేది. బయటికి చూస్తే స్మితమే, భరతుడు కూడా ఉత్తముల పద్దులో రాసేస్తాడు. ఆ నవ్వు ఆనవాలు రేపల్లెలో దొరుకుతుంది. తెనాలి నుంచి రైలెక్కితే కృష్ణాతీరం వైపు చివరి స్టేషను రేపల్లె. తెలుగువాళ్ళు కృష్ణుడు పెరిగిన గోకులాన్ని పిలుచుకునే పేరు కూడా రేపల్లే, పాత రూపంలో వ్రేపల్లె. వ్రేతలంటే గొల్లభామలు. వెన్న పోయిందని వాళ్ళు గుంపుగా వచ్చి మొత్తుకుంటుంటే, తల్లి కొంగు చాటున నిలబడ్డ పిల్లాడిది ఆ నంగనాచి నవ్వే. మన్ను తిన్నాడన్న ఫిర్యాదు వచ్చిన రోజు యశోద నవ్వుకు పేరు వెతకలేదు. నోరు తెరవమంది.