పసిగుడ్డుకు తొలి సూది... వెనుక చిట్టెలుక

పుదుచ్చేరి గోరిమేడులోని జిప్మర్‌కు నెల్లూరు, చిత్తూరు వైపు నుంచీ కాన్పులకు వస్తారు. బిడ్డ పుట్టిన తొలిరోజే భుజానికి బీసీజీ, నోట్లో పోలియో చుక్కలు, తొడకు హెపటైటిస్ బి టీకా. ‘కళ్లయినా తెరవని పసిగుడ్డుకు అప్పుడే సూదా?’ అని అమ్మమ్మలు గాబరా పడతారు. తొడకు వేసే ఆ సూది ముందుముందు కాలేయ క్యాన్సర్‌నూ అడ్డుకుంటుంది. వైరస్‌కూ క్యాన్సర్‌కూ మధ్య తొలిరోజుకు ఎంత విలువుందో మొదట చూపింది ఎలుకలే.

న్యూయార్క్‌లో లుడ్విక్ గ్రాస్ అనే వైద్యుడు రక్తక్యాన్సర్ సోకిన ఎలుకల కణజాలాన్ని వడగట్టి, ఆ ద్రవాన్ని వేరే జాతి ఎలుకలకు ఎక్కించి చూశారు. పెద్దవాటికి ఏమీ కాలేదు. పుట్టి ఒక్కరోజైనా నిండని కూనలకు ఎక్కిస్తే మాత్రం పెద్దయ్యాక జబ్బు బయటపడింది. ఇది వైరస్ పనేనని 1951లో ఆయన ప్రకటిస్తే చాలామంది నమ్మలేదు.

నమ్మినవాళ్లలో లండన్‌లో పనిచేస్తున్న యువ పరిశోధకుడు జాక్ మిల్లర్ ఒకరు. ఈ జబ్బు మొదలయ్యేది ఛాతీలోని థైమస్ గ్రంథిలో. అప్పట్లో దాన్ని పనీపాటా లేని కండగా చూసేవారు. ఆ వైరస్ కూనలను పుట్టిన రోజే ఎందుకు పట్టుకుంటుందో తేల్చుకోవడానికి మిల్లర్ అప్పుడే పుట్టిన కూనల థైమస్‌ను తీసేశారు. ఒంటిమీద నూగైనా లేని, గ్రాము పైచిలుకు బరువుండే ప్రాణి ఛాతీ తెరవడమంటే ఎంత నేర్పు కావాలి! ఆ కూనలు పాలు మరిచాక చిక్కి శల్యమయ్యాయి. రక్తంలో లింఫోసైట్లు పడిపోయాయి. వేరే జాతి ఎలుక చర్మం అతికిస్తే ఒళ్లు తిప్పికొట్టలేదు, దాని మీద వెంట్రుకలు కూడా మొలిచాయి. రోగనిరోధక శక్తికి థైమస్ ఆయువుపట్టని 1961లో లోకానికి తెలిసింది. థైమస్‌లో తయారయ్యే రోగనిరోధక కణాలైన టి కణాల కథ అక్కడి నుంచే మొదలు. నా దృష్టిలో గత శతాబ్దపు వైద్యంలో ఇంతకు మించిన ప్రయోగాలు కొద్ది.

అదే ఏడాది మరో ముఖ్యమైన సంగతి బయటపడింది. పాలియోమా అనే మరో ఎలుకల వైరస్ తెచ్చిన కణితులన్నిటి మీదా ఒకే ఆనవాలు ఉంటుంది. ఒకదాన్ని ఎదుర్కొన్న ఎలుక మరోదాన్నీ గుర్తుపట్టి తిప్పికొడుతుంది. రసాయనాలతో వచ్చిన కణితుల తీరు అలా కాదు, దేని ఆనవాలు దానిదే.

హెపటైటిస్ బి ఎలుకల వైరస్ కాదు. అయినా మనుషుల్లోనూ వయసే కీలకం. కాన్పు వేళ తల్లి నుంచి సోకితే, టీకా అందని బిడ్డల్లో దాదాపు 90 శాతం మందిలో వైరస్ తిష్ఠ వేస్తుంది. పెద్దల్లో అది 5 శాతం లోపే. అలా తిష్ఠ వేసిన వైరసే తర్వాత కాలేయ క్యాన్సర్‌కు దారితీయవచ్చు. తైవాన్ 1984లో పసికందులకు టీకా మొదలుపెట్టాక పిల్లల్లో కాలేయ క్యాన్సర్ తగ్గింది. 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ షాన్‌వాక్-బి తెచ్చి ఆ టీకాను సామాన్యుడికి అందుబాటు ధరలోకి దించింది.

తొలి టీకా 24 గంటల్లోపు పడాలి. తల్లికి వైరస్ ఉందని తేలితే బిడ్డకు టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇవ్వాలి, అంటే సిద్ధంగా ఉన్న యాంటీబాడీలు. పాలియోమాను ముందే ఎదుర్కొన్న తల్లి ఎలుకలు కూనలకు ఇచ్చి కాపాడేదీ యాంటీబాడీలనే. బిడ్డకు ఇవన్నీ సకాలంలో అందాలంటే గర్భిణికి హెపటైటిస్ బి రక్తపరీక్ష కాన్పుకు ముందే జరగాలి.