కారు ఎత్తు తగ్గించుట - అందలి లాభనష్టములు

ఇటీవల మన వీథులలో నేలను రాచుకొనునట్లు క్రుంగి నడచు కార్లు అక్కడక్కడ కానవచ్చుచున్నవి. కర్మాగారములో అమర్చిన స్ప్రింగులను తీసివేసి, బజారులో వేరుగా దొరకు పొట్టి స్ప్రింగులను వేయించుటయే దీనికి కారణము. పై తరగతుల విద్యార్థులు కొందరు దీనినిగూర్చి ఉత్సాహముతో మాటలాడుకొనుట మేము వినుచున్నాము. ఇంట కారున్న తల్లిదండ్రులకును ఈ కోరిక ఎప్పుడో ఒకప్పుడు ఎదురు కాక మానదు. కావున ఈ మార్పువలన బండికి ఏమి జరుగునో లెక్కతో సహా వివరింపదలచితిమి.

స్ప్రింగు చేయు పని

ఎద్దుబండికి స్ప్రింగు లేదు. చక్రము రాయి నెక్కినచో ఆ దెబ్బ నేరుగా మన నడుమునకే తగులును. జట్కాకు కమానులు వచ్చిన తరువాత ఆ బాధ కొంత తగ్గినది. కారులో చక్రమునకును పై భాగమునకును నడుమ చుట్టలు తిరిగిన ఉక్కు స్ప్రింగులుండును. బండి బరువును మోయుట వాని మొదటి పని. గతుకు వచ్చినపుడు చక్రము పైకి లేచుటకు చోటిచ్చి, కుదుపును లోనివారికి తగులనీయకుండుట రెండవ పని. స్ప్రింగునకు తోడుగా షాక్ అబ్జార్బరు ఉండును. స్ప్రింగు కుదుపును మ్రింగును. షాక్ అబ్జార్బరు ఆ వెనుక కలుగు ఊగులాటను అణచును. ఈ రెండును ఒకదానికొకటి సరిపడునట్లు చేయబడిన జంట.

స్ప్రింగు తన మీది బలమునకు అనుపాతముగా అణగునని ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు రాబర్టు హుక్ 1678లో ప్రకటించెను. లెక్కకొరకు ఒక కారును ఊహింతము. ఒక్కొక్క స్ప్రింగు మీద 300 కిలోగ్రాముల బరువు కలదు. స్ప్రింగు ప్రతి 3 కిలోగ్రాములకు 1 మిల్లీమీటరు అణగును. అప్పుడు బండి నిలిచియున్నపుడే స్ప్రింగు 100 మిల్లీమీటర్లు అణగియుండును. అచ్చటినుండి రబ్బరు అడ్డుకు తగులువరకు ఇంకను 80 మిల్లీమీటర్ల చోటున్నదనుకొందము. గతుకులను మ్రింగుటకు బండికున్న నిల్వధనము ఈ 80 మిల్లీమీటర్లే.

ఎత్తు తగ్గినపుడు

పొట్టి స్ప్రింగు వేసి బండిని 30 మిల్లీమీటర్లు దించితిమనుకొనుడు. 80లో 30 పోగా 50 మాత్రమే మిగులును. స్ప్రింగు గ్రహించు శక్తి అణగుదల యొక్క వర్గమునుబట్టి యుండును. 80 వర్గము 6,400. 50 వర్గము 2,500. కావున మునుపటి కుదుపునే ఈ తక్కువ చోటులో మ్రింగవలెనన్నచో స్ప్రింగు 2.56 రెట్లు గట్టిది కావలెను. అట్టి స్ప్రింగు వేసినచో నిమిషమునకు 75 సార్లు మెల్లగా ఊగు బండి 120 సార్లు ఊగును; లోన కూర్చున్న వృద్ధులు దానిని ఓర్వజాలరు. అందువలన పొట్టి స్ప్రింగులను చేయువారు గట్టిదనమును అంతగా పెంచరు. పెద్ద గుంత వచ్చినపుడు మిగిలిన దెబ్బ రబ్బరు అడ్డు మీదను, దానిద్వారా బండి చట్రము మీదను పడును.

లాభము లేదని మేము చెప్పము. గురుత్వకేంద్రము క్రిందికి దిగినచో మలుపులలో బయటి చక్రముల మీదికి మరలు బరువు తగ్గును. గురుత్వకేంద్రము నేలనుండి 550 మిల్లీమీటర్ల ఎత్తున నున్న బండిని 30 మిల్లీమీటర్లు దించినచో ఈ తగ్గుదల నూటికి అయిదు పాళ్లకు కొంచెము పైన నుండును. గట్టి స్ప్రింగువలన బండి ఒరుగుటయు తగ్గును. అద్దమువలె నున్నగానుండు పందెపు బాటలో ఈ స్వల్పలాభమునకు విలువ కలదు. సంతకును, ఆసుపత్రికిని, పెండ్లికిని పోవు కుటుంబపు బండికి అది ఏపాటిది?

మన బాటలు, మన గట్లు

ఇక స్పీడు బ్రేకర్ల మాట. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు 1988లో ప్రకటించిన నిబంధనలయందు గట్టు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, వంపు వ్యాసార్ధము 17 మీటర్లు. ఇంత వెడల్పైన గట్టు మీద ముందు చక్రములును వెనుక చక్రములును ఏకకాలమున నిలుచును. చక్రముల నడుమ దూరము 2.5 మీటర్లైనచో, గట్టు శిఖరము చక్రముల క్రింది నేలకన్న సుమారు 46 మిల్లీమీటర్లు మాత్రమే ఎత్తుగా నుండును. దించిన బండియు దానిని దాటగలదు. కాని ఊరివారు తమకు తోచినట్లు పోసిన సన్నని గట్టు అటువంటిది కాదు; చక్రములు రెండు వైపుల పల్లములో నుండగా, పూర్తి ఎత్తు బండి కడుపు క్రిందికి వచ్చును.

మొదట 170 మిల్లీమీటర్లున్న ఖాళీ ఇప్పుడు 140 అయినది. అయిదుగురు మనుష్యులును సామానును కలిసి 400 కిలోగ్రాములనుకొందము. స్ప్రింగునకు 100 చొప్పున వచ్చును. నూటికి ముప్పది పాళ్లు గట్టి స్ప్రింగైనను 26 మిల్లీమీటర్లు అణగును. మిగులునది 114. పది సెంటీమీటర్ల గట్టు మీద 14 మిల్లీమీటర్లే ఎడము! బండి కొంచెము ఊగిన చాలును, ఇంజను క్రింది నూనెతొట్టి నేలకు తగులును. నూనె కారిపోయినది గమనింపక నడిపినచో ఇంజనే చెడును.

ఇతర నష్టములును కలవు. చక్రముల వాలు మారి టైర్ల లోపలి అంచు త్వరగా అరుగును. కావున అలైన్‌మెంటు మరల సరిచేయింపవలెను. పాత షాక్ అబ్జార్బర్లు కొత్త స్ప్రింగుల నదుపు చేయలేక బండి ఎగురును. కొందరు ఖర్చునకు వెనుదీసి ఉన్న స్ప్రింగునే గ్యాసు మంటతో కోయింతురు. ఇది మిక్కిలి అపాయకరము. మంటకు ఉక్కు పదను పోవును. కోసిన కొస తన పీఠమున కుదురుగా కూర్చుండదు. బిగించియున్న స్ప్రింగును తగిన పనిముట్టు లేక విప్పుటయు ప్రాణముమీదికి తెచ్చును. అణగియున్న స్ప్రింగులోని బలము ఒక్కసారిగా విడివడినచో ముఖమునకు తగులును. షెడ్డులలో పని నేర్చుకొను మన పిల్లలు దీనిని మరువరాదు.

చట్టము

తయారీదారు మొదట నిర్ణయించిన వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చరాదని 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది. 2019 జనవరిలో సుప్రీముకోర్టు దీనినే స్థిరపరచెను. ఆ సంవత్సరపు సవరణ ప్రకారము చట్టవిరుద్ధముగా మార్పు చేసిన యజమానికి ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, 6 నెలలవరకు జైలు గాని, రెండును గాని విధింపవచ్చును. ప్రమాదము జరిగినపుడు భీమా పరిహారమునకును చిక్కు రావచ్చును.

మలుపులలో బండి ఎక్కువగా ఒరుగుచున్నదని తోచినచో తల్లిదండ్రులు మొదట టైర్లలో గాలి, అరిగిన రబ్బరు బుష్షులు, పాతబడిన షాక్ అబ్జార్బర్లు పరీక్షింపజేయవలెను. తరచుగా రోగము అచ్చటనే యుండును, ఖర్చును తక్కువ.

విద్యార్థులారా! మన హోసూరు చుట్టుపట్ల మోటారు కర్మాగారములు కలవు; మీలో కొందరు రేపు అచ్చట పనిచేయుదురు. అచ్చట వినబడు మాటలు తమిళము కావచ్చును, కన్నడము కావచ్చును, ఇంగ్లీషు కావచ్చును. లెక్క మాత్రము అన్ని భాషలలోను ఒక్కటే. దానిని మీ తల్లిభాషలో అర్థము చేసికొన్నవారు ఏ భాషలోనైనను చెప్పగలరు. ఒక బండిని మార్చుటకు ముందు అది అట్లేల చేయబడినదో విచారింపుడు. ఆ 80 మిల్లీమీటర్ల చోటు వృథాగా విడిచినది కాదు. వెనుక సీటులో కూర్చుండు అవ్వ నడుముకొరకు ఉంచినది.