మే నెలాఖరున తేటపడే సరస్సు

జర్మనీ, స్విట్జర్లాండ్, ఆస్ట్రియా దేశాల నడుమ, ఆల్ప్స్ పర్వతాల పాదాల వద్ద ఉన్న కాన్‌స్టన్స్ సరస్సులో వసంతమంతా పచ్చగా మసకబారి ఉండే నీరు మే నెలాఖరులోనో జూన్ మొదట్లోనో కొద్ది రోజుల్లోనే తేటపడుతుంది. ఈ మార్పు గాలివానల వల్ల గాని, సరస్సు గుండా సాగే రైన్ నది వల్ల గాని వచ్చేది కాదు. మూడు మిల్లీమీటర్లకు మించని డాఫ్నియా అనే పారదర్శక జీవి లెక్కకు మిక్కిలిగా పెరిగి, నీటిలో తేలియాడే సూక్ష్మ శైవలాలను, అంటే వృక్ష ప్లవకాలను, అవి పుట్టే వేగం కంటే ఎక్కువ వేగంతో తినివేస్తుంది. సరస్సుల శాస్త్రంలో దీనికి తేటనీటి దశ అని పేరు. 536 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం, 250 మీటర్లు దాటిన లోతు గల ఈ సరస్సు సుమారు 40 లక్షల మందికి తాగునీరు ఇస్తున్నందున దీని నీటిని దశాబ్దాలుగా పరీక్షిస్తూ వచ్చారు. కంటికి ఆనని జీవుల సంఖ్య ఋతువులతో పాటు ఎలా పెరిగి తరుగుతుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా అనువైన చోట్లు తక్కువ.

ఈ చిన్న జీవులు రొయ్యలు, పీతలు చేరే క్రస్టేషియన్ల వర్గానికే చెందినవి. వీటిలో డాఫ్నియా, బాస్మినా వంటి క్లాడోసెరాలు ఒక గుంపు, కోపిపాడ్లు మరొక గుంపు. డాఫ్నియా కాళ్ల కదలికతో నీటిని లోనికి లాగి అందులోని శైవలాలను వడకట్టుకుని తింటుంది. కోపిపాడ్లు ఆహారాన్ని ఏరుకుంటాయి, కొన్ని వేటాడతాయి కూడా. ఈ రెండో గుంపుతో తెలుగునాట పాత తరానికి చేదు అనుభవమే ఉంది: ఆంధ్రప్రదేశ్ సహా ఏడు రాష్ట్రాలను పీడించి, భారతదేశం నుంచి పూర్తిగా తొలగిపోయినట్టు 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించిన నారికురుపు వ్యాధి, తాగే నీటిలోని సైక్లాప్స్ అనే కోపిపాడ్ ద్వారానే మనుషులకు సోకేది. నీళ్లను గుడ్డతో వడగట్టుకోమని ఊరూరా చెప్పింది దాన్ని ఆపడానికే.

చలికాలంలో సరస్సు పైనీరు చల్లబడి బరువెక్కి కిందికి దిగుతుంది గనుక లోతుల్లో పేరుకున్న భాస్వరం వంటి పోషకాలు పైకి చేరతాయి. అయినా శైవలాలు అప్పుడు పెరగలేవు, ఎందుకంటే వెలుతురు చాలదు, పైగా ఆ కలగలుపులో అవి చీకటిలోకి కొట్టుకుపోతుంటాయి. వసంతంలో ఎండ తగిలిన పైపొర వెచ్చబడి, కిందనున్న చల్లని నీటితో కలవకుండా నిలిచినప్పుడే వాటికి వెలుతురూ పోషకాలూ ఒకేసారి దక్కుతాయి. వాటి వెనకే డాఫ్నియా పెరుగుదల మొదలవుతుంది. ఆడ డాఫ్నియా మగజీవితో పనిలేకుండా తన వీపు కింది సంచిలో గుడ్లు పెట్టి పొదుగుతుంది. అనిషేక జననం అనే ఈ పద్ధతిలో 20 డిగ్రీల నీటిలో సుమారు మూడు రోజులకే పిల్లలు బయటికి వస్తాయి, బాగా చల్లని నీటిలో అదే పనికి వారాలు పడుతుంది. కోపిపాడ్లకు ఈ సౌలభ్యం లేదు: అవి జతకట్టాలి, గుడ్డు నుంచి వచ్చిన పిల్ల పెద్దదయ్యేలోగా పదకొండు దశలు దాటాలి.

తేటనీటి దశ డాఫ్నియాకు ఉచ్చదశే గాని, పతనానికి నాంది కూడా అదే. తిండి అడుగంటగానే గుడ్ల సంఖ్య పడిపోతుంది, ఇంచుమించు అదే సమయానికి ఆ ఏడు పుట్టిన చేపపిల్లలు దాన్ని వేటాడేటంతగా ఎదుగుతాయి. ఉల్రిక్ సోమర్, మాచేయ్ గ్లివిచ్, విన్‌ఫ్రీడ్ లాంపర్ట్, ఆనీ డంకన్ 1986లో ఈ వరుసనంతా 24 అంశాలుగా కూర్చారు. ఏ సరస్సూ ఆ 24 మెట్లనూ పొల్లుపోకుండా ఎక్కదు. కానీ ఎక్కడ తప్పిందో చూడటానికైనా ముందు ఒక వరుస ఉండాలి గదా. చలికాలాన్ని దాటి మిగిలిన జీవులకూ, పరాన్నజీవులకూ అందులో తగిన చోటు దక్కలేదని 2012లో సోమర్ బృందమే దాన్ని సవరించింది.

వేసవిలో మిగిలిన డాఫ్నియాల మనుగడ చేపల కంటబడకపోవడం మీద ఆధారపడుతుంది. ష్టిష్, లాంపర్ట్ 1981లో ప్రకటించిన పరిశీలన ప్రకారం ఈ సరస్సులో డాఫ్నియా హైలైనా అనే జాతి పగలంతా చీకటి లోతుల్లో గడిపి రాత్రి మేతకు పైకి వస్తుంది, దానికి దగ్గరి చుట్టమైన డాఫ్నియా గలియాటా మాత్రం వెచ్చని పైపొరను వదలదు. మొదటిది ప్రాణం దక్కించుకుని చలిలో నెమ్మదిగా పెరుగుతుంది. రెండోది చేపలకు ఎక్కువగా బలవుతూ ఎక్కువ సంతానంతో ఆ లోటు పూడ్చుకుంటుంది.

రద్దీ పెరిగి, తిండి తగ్గి, పగటి పొద్దు కుంచించుకుపోయినప్పుడు డాఫ్నియా మగపిల్లలను కూడా కంటుంది. వాటితో ఆడజీవుల కలయిక వల్ల ఏర్పడిన గుడ్లు రెండేసి చొప్పున, ఎఫిప్పియం అనే జీను ఆకారపు నల్లని తొడుగులో చేరి సరస్సు అడుగున పడతాయి. మరుసటి వసంతంలో పొదగకపోతే బురద పొరల్లో దశాబ్దాల పాటు ప్రాణంతో ఉండగలవు. నెల్సన్ హెయిర్‌స్టన్ బృందం వేర్వేరు దశాబ్దాల పొరల నుంచి ఇలాంటి గుడ్లను తీసి, పొదిగించి, విషపూరిత నీలి ఆకుపచ్చ శైవలాలు కలిపిన మేత పెట్టి పెంచింది. మురుగునీటి భాస్వరంతో అలాంటి శైవలాలు విజృంభించడానికి ముందు కాలపు డాఫ్నియాలు ఆ మేతతో గిడసబారగా, తర్వాతి కాలపువి దాన్ని చాలావరకు తట్టుకున్నాయని 1999లో నేచర్ పత్రికలో వెల్లడైంది. ఋతువులను దాటడానికి ఏర్పడిన గుడ్డు పరిణామక్రమానికి సాక్ష్యంగా నిలవడం ఈ శాస్త్రంలోని గొప్ప ఆవిష్కరణల్లో ఒకటనే చెప్పాలి.

వాతావరణం వేడెక్కడం ఈ పంచాంగాన్ని అన్నిచోట్లా ఒకేలా మార్చడం లేదు. కాన్‌స్టన్స్‌లో చలి తక్కువైన ఏళ్లలో డాఫ్నియా ముందే పెరిగి తేటనీటి దశ కూడా ముందే వస్తుంది. అమెరికాలో సియాటిల్‌ను ఆనుకుని ఉన్న వాషింగ్టన్ సరస్సులో మాత్రం, 1962 తర్వాతి నాలుగు దశాబ్దాల్లో వసంతపు శైవలాలు దాదాపు 20 రోజులు ముందుకు జరగగా డాఫ్నియా ఆ మేరకు జరగలేదని, అందువల్ల దాని సంఖ్య తగ్గిందని మోనికా విండర్, డేనియల్ షిండ్లర్ 2004లో చూపారు.

కాన్‌స్టన్స్‌లో ఇప్పటి చిక్కు వేరు. 1979 ప్రాంతంలో లీటరుకు 80 మైక్రోగ్రాములు దాటిన భాస్వరం, మురుగునీటి శుద్ధి వల్ల 10 లోపుకు దిగింది. శైవలాలతో పాటు డాఫ్నియా తగ్గింది, దాన్ని తిని బతికే ఫెల్షెన్ చేప బక్కచిక్కింది. భాస్వరాన్ని కొంత పెరగనివ్వాలని జాలర్లు కోరారు గాని, తాగునీటి సరస్సు విషయంలో అది చెల్లే మాట కాదు. పైగా సరస్సు తన పాత స్వభావానికే తిరిగి వస్తోంది, ఆ స్వభావంలో చేపలు తక్కువే. 2016లో ఇక్కడ తొలిసారి కనబడిన క్వాగా అనే ఆల్చిప్ప జాతి, డాఫ్నియా తినవలసిన శైవలాలనే వడకట్టుకుంటూ విస్తరిస్తోంది. 2024 జనవరి నుంచి మూడేళ్ల పాటు ఫెల్షెన్ వేటను నిలిపివేశారు.