ఒళ్ళు తగ్గు మందు – ఫార్మసిస్టు పని

ఏలూరులో గాని, తాడేపల్లిగూడెములో గాని మందుల దుకాణమునకు పోయి “ఒళ్ళు తగ్గడానికి బిళ్ళ ఏదైనా ఉందా?” అని అడుగుట వింత కాదు. కొల్లేటి లంకలనుండి వైద్యునికి చూపించుకొనుటకు పోయినచో ఒక పూట పని పోవును. కైకలూరు, ఆకివీడు బజారులలో సరుకులకు వచ్చినప్పుడు దుకాణములో అడుగుటకు అయిదు నిమిషములు చాలును. ఆ అయిదు నిమిషములలో ఫార్మసిస్టు ఇచ్చు సమాధానమునుబట్టి ఆ మనిషికి మేలో కీడో జరుగును.

కాయకష్టము చేయు పల్లెవారికి గుండెజబ్బులు రావను నమ్మకము ఇక చెల్లదు. ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో 2003–04 ప్రాంతమున సంభవించిన మరణములను పరిశీలింపగా, వానిలో 32 శాతమునకు గుండె, రక్తనాళముల వ్యాధులే కారణమని తేలినది. అంటురోగములు, పరాన్నజీవుల వలని మరణములు 12 శాతము మాత్రమే. ఈ గుండెజబ్బులకు దారితీయు కారణములలో అధిక బరువు ఒకటి.

బరువు ఎక్కువయినదో లేదో కంటిచూపుతో తేల్చరాదు. కిలోగ్రాముల బరువును, మీటర్లలోని ఎత్తు వర్గముచే భాగింపవలెను. 160 సెంటీమీటర్ల ఎత్తు, 64 కిలోల బరువు గల వ్యక్తి సూచిక సరిగా 25. పాశ్చాత్య దేశములలో 30 దాటినగాని స్థూలకాయమనరు. భారతీయులకు తక్కువ బరువులోనే పొట్టచుట్టు క్రొవ్వు చేరి మధుమేహము వచ్చును గనుక మన వైద్యులు 23నుండి అధిక బరువుగను, 25నుండి స్థూలకాయముగను లెక్కింతురు. నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదు. ఒక త్రాసు, ఒక టేపు ఉన్న ఏ దుకాణమయినను ఈ పని చేయగలదు.

ఫార్మసిస్టు మాత్రమే చేయగల పని మరొకటి కలదు. ఒకే మనిషి వేరువేరు వైద్యులవద్ద వ్రాయించుకొన్న చీటీలన్నియు అతని బల్లమీదికే వచ్చును. కీళ్ళనొప్పులకు నెలల తరబడి వాడు స్టెరాయిడ్లు, మధుమేహమునకు వాడు ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, మానసిక వ్యాధికి వాడు ఒలాంజపిన్ – ఇవి బరువు పెంచగలవు. తిండి తగ్గించినను ఒళ్ళు తగ్గలేదని బాధపడువాని చీటీలో ఇట్టి పేరు కనిపించినచో అతనిని వైద్యునివద్దకు మరల పంపవలెను. తానుగా మాన్పించుట ప్రమాదము. చాలకాలము వాడిన స్టెరాయిడ్‌ను హఠాత్తుగా మానినచో ప్రాణముమీదికి రావచ్చును.

ఇక అడిగిన బిళ్ళ మాట. ఆర్లిస్టాట్ ప్రేగులలో క్రొవ్వును జీర్ణముచేయు లైపేజు అను ఎంజైమును అడ్డగించును. తిన్న క్రొవ్వులో దాదాపు 30 శాతము విసర్జింపబడును. అన్నములోని పిండిపదార్థమును అది తాకనైన తాకదు. మూడు పూటల అన్నమే ప్రధానమైన గోదావరి మండలవాసికి దీనివలన లాభము సహజముగనే స్వల్పము. జిడ్డు విరేచనములు, ఏ, డి, ఇ, కె విటమినుల నష్టము మాత్రము తప్పకపోవచ్చును.

థైరాయిడ్ జబ్బు లేనివారు సన్నబడుటకై థైరాక్సిన్ మ్రింగినచో గుండె దడ పుట్టును, ఎముకలు గుల్లబారును. ఒకప్పుడు విరివిగా వాడిన సిబుట్రమీన్ గుండెపోటు, పక్షవాతములకు దారితీయునని తేలగా 2011లో మన దేశమున నిషేధింపబడినది. 2025లో భారతదేశమున అమ్మకమునకు వచ్చిన టిర్జెపటైడ్ ఇంజెక్షన్ ఆకలిని తగ్గించి బరువును గణనీయముగా దించును. కాని దానికి వైద్యుని చీటీ ఉండవలెను, మాననిచో నిలిచిన ఫలితము మానినచో చాలవరకు పోవును. తెరవని ఇంజెక్షనును 2నుండి 8 డిగ్రీల చలిలో భద్రపరుపవలెను. మే నెలలో ఏలూరునుండి లంకకు బస్సులో తీసుకొనిపోవువానికి ఈ సంగతి ఎవరు చెప్పవలెను? ఔషధవృత్తిపై 2015లో వెలువడిన నిబంధనలు రోగికి సలహా చెప్పుటను ఫార్మసిస్టు విధులలో చేర్చినవి.

మందు లేకుండ చెప్పదగిన లెక్కయు ఒకటి కలదు. రోజుకు 50 గ్రాముల బియ్యము తగ్గించినచో సుమారు 175 కిలోకాలరీలు తగ్గును, నెలకు 5,250. ఒక కిలో క్రొవ్వులో 7,700 కిలోకాలరీలుండును గనుక, లెక్కప్రకారము నెలకు ముప్పాతిక కిలోకు కొంచెము తక్కువ. శరీరము తన ఖర్చును తగ్గించుకొనును కావున నిజముగా తగ్గునది ఇంకను స్వల్పము. అయినను 64 కిలోల మనిషికి మూడు కిలోలు తగ్గుటయే రక్తపుపోటు, చక్కెరలలో మార్పు తెచ్చును. రక్తపుపోటు బిళ్ళలకు నెలనెల వచ్చువానిని త్రాసెక్కించి ఆ అంకెను చీటీ వెనుక వ్రాసియిచ్చినచో, తరువాతి నెల అతడే ముందుగా త్రాసువైపు నడచును.